సానుభూతి ఉచితం, షరతులు వర్తిస్తాయి

ఎక్కడో బాంబు పడుతుంది. ఇక్కడ ఈ-మెయిల్ పడుతుంది.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఇది రివాజు. యుద్ధం మొదలైన రెండో రోజో మూడో రోజో అధ్యక్షుల వారి సంతకంతో ఠంచనుగా లేఖ దిగుతుంది. మన కుటుంబంలో చాలామంది బాధలో ఉన్నారట. ఒకరికొకరు తోడుగా నిలవాలట. కౌన్సెలింగ్ నంబరు ఇదిగోనట. ప్రార్థన మందిరం తలుపులు తెరిచే ఉన్నాయట. చంపిందెవరో ఉండదు. చచ్చిందెవరో ఉండదు. రెండు మాటలు మారిస్తే అదే లేఖ భూకంపానికీ పనికొస్తుంది, తుపానుకీ పనికొస్తుంది. లాయర్లు మూడుసార్లు ఉతికి ఆరేసిన దుఃఖం మరి! మరక ఒక్కటీ మిగలదు.

ఆ లేఖ చదివాక ఎవరి కన్నీళ్లు ఆగాయి? ఎవరి వీసా నిలబడింది? శిథిలాల కింద ఉన్న ఎవరి అమ్మకు ఫోన్ కలిసింది? అడక్కండి. అడిగితే దానికీ ఓ కమిటీ వేస్తారు.

పాపం, వాళ్లకు మద్దతివ్వడం రాదనుకుంటున్నారా? అబ్బే, భేషుగ్గా వచ్చు. కావాలంటే 2022కి వెళ్దాం.

జెండా ఎగిరింది

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి దండెత్తింది. మర్నాడే ఎంఐటీ కదిలింది. మాస్కో దగ్గరి స్కోల్‌టెక్ విద్యాసంస్థతో 2011 నుంచి నడుస్తున్న ఒప్పందాన్ని తెంచేసుకుంది. కమిటీ లేదు. నివేదిక లేదు. అధ్యయనం పేరుతో సాగదీయడం లేదు. ఒక్క రోజు! నాలుగు రోజులకల్లా హార్వర్డ్ యార్డ్‌లో ఉక్రెయిన్ జెండా ఎగిరింది. హార్వర్డ్ ఉక్రెయిన్ ప్రజల వెంటే ఉందని అధ్యక్షుడు లారెన్స్ బేకో చాటారు.

తప్పా? కాదు. దురాక్రమణను దురాక్రమణ అనడం తప్పెలా అవుతుంది? శభాష్ అందాం. కానీ ఒక్క సంగతి గుర్తు పెట్టుకుందాం. విశ్వవిద్యాలయం కూడా గొంతు విప్పగలదు. జెండా ఎత్తగలదు. ఒప్పందం చించగలదు. తలుచుకుంటే తెల్లారేసరికి చేయగలదు.

మరి ఆ తర్వాత గొంతుకేమైంది? జలుబు చేసిందా?

2023 అక్టోబర్ 7. హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో దాదాపు 1,200 మంది చనిపోయారు. 250 మంది దాకా బందీలయ్యారు. ఆ వెంటనే గాజాపై బాంబుల వర్షం. చనిపోయినవారి బంధువులు క్యాంపస్‌లో ఉన్నారు. బందీల స్నేహితులు క్యాంపస్‌లో ఉన్నారు. గాజాలో ఇల్లు, వాకిలి, మనుషులు పోగొట్టుకున్నవాళ్లూ అదే క్యాంపస్‌లో, అదే క్లాసులో, పక్క బెంచీలో ఉన్నారు. మద్దతు అవసరమంటే ఇదే గదా!

హార్వర్డ్ ఏం చేసింది? అక్టోబర్ 9న ఒక ప్రకటన. చప్పగా ఉందన్నారు. 10న ఇంకొకటి. చాల్లేదన్నారు. 12న వీడియో. నాలుగు రోజుల్లో మూడు రకాల బాధ! దాతల ఫోన్లు మోగినకొద్దీ మనస్సాక్షి మేలుకుంటూ పోయింది. విద్యార్థి ఏడుపు వినబడటానికి కమిటీలు కావాలి. చెక్కు బుక్కు మూసిన చప్పుడు మాత్రం అట్లాంటిక్ అవతలినుంచైనా వినబడుతుంది.

డిసెంబర్ 5న హార్వర్డ్, పెన్సిల్వేనియా, ఎంఐటీ అధ్యక్షులు ముగ్గురూ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చున్నారు. యూదుల జాతి నిర్మూలనకు పిలుపునిస్తే అది మీ నియమాలకు విరుద్ధమా, కాదా అని అడిగారు. సందర్భాన్ని బట్టి ఉంటుందన్నారు. భయంతో ఉన్న యూదు విద్యార్థికి దొరికిన భరోసా అది! ఆ ప్రశ్న వేసినవాళ్లకు విద్యార్థుల మీద ప్రేమ కారిపోతోందా? లేదు. వాళ్లకు కావలసింది వేట. కానీ వేటగాడు ఎదురైనప్పుడు కూడా మనిషిలా ఒక్క వాక్యం మాట్లాడలేకపోవడం ఎవరి తప్పు? నాలుగు రోజులకు పెన్సిల్వేనియా అధ్యక్షురాలు రాజీనామా. 2024 జనవరి 2న హార్వర్డ్ అధ్యక్షురాలు రాజీనామా.

ఇక అప్పుడు పుట్టింది జ్ఞానోదయం. 2024 మే నెలాఖరున హార్వర్డ్ సెలవిచ్చింది. విశ్వవిద్యాలయం అసలు పనికి సంబంధించని ప్రజా విషయాలపై ఇకమీదట అధికారిక ప్రకటనలు చేయదట. తటస్థత! జెండా ఎగిరిన 27 నెలలకు గుర్తొచ్చిన తటస్థత. మనం చిన్నప్పుడు ఆటలో ఓడిపోతుంటే ‘తూచ్’ అనేవాళ్లం చూడండి, అదే. కాకపోతే దీనికి 5,000 కోట్ల డాలర్లు దాటిన మూలనిధి ఉంది.

నిజంగా తటస్థత పాటించాలనుకున్నవాళ్లు షికాగో విశ్వవిద్యాలయంలో ఉన్నారు. 1967లోనే కాల్వెన్ కమిటీ నివేదిక రాసుకున్నారు. దక్షిణాఫ్రికా వర్ణవివక్ష మీద కదల్లేదు, దార్ఫర్ మారణకాండ మీద కదల్లేదు. మీకు నచ్చినా నచ్చకపోయినా ఒక మాట మీద ఉన్నారు. రాయి రాయిలాగే ఉంది. మిగతావాళ్లకు మాత్రం తటస్థత కావలసినప్పుడు తొడుక్కుని, అక్కర్లేనప్పుడు విప్పేసే కోటు.

హామిల్టన్ హాల్ మెట్ల మీద

ఇప్పుడు కొలంబియాకు వద్దాం. అసలు కథ అక్కడుంది.

1968 ఏప్రిల్. వియత్నాం యుద్ధానికీ, నల్లజాతివాళ్ల పేట హార్లెం పక్కన కట్టబోయిన జిమ్‌కీ వ్యతిరేకంగా కొలంబియా విద్యార్థులు హామిల్టన్ హాల్‌ను ఆక్రమించారు. యాజమాన్యం పోలీసుల్ని పిలిచింది. ఏప్రిల్ 30 తెల్లవారుజామున దాదాపు 700 మంది అరెస్టు. ఇప్పుడు అదే విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ తిరుగుబాటు మీద ప్రదర్శన పెట్టుకుంది. ఫొటోలు, కరపత్రాలు, వివరణలు. ఎంత గర్వం!

1985 ఏప్రిల్. అదే హామిల్టన్ హాల్ తలుపులకు విద్యార్థులు గొలుసులు వేశారు. మూడు వారాలు మెట్ల మీదే కూర్చున్నారు. దక్షిణాఫ్రికాలో వ్యాపారం చేసే కంపెనీల్లోంచి పెట్టుబడులు తీసేయమన్నారు. అక్టోబర్‌లో ధర్మకర్తలు ఒప్పుకున్నారు. అదీ చరిత్రలోకెక్కింది. అదీ గర్వమే.

2024 ఏప్రిల్. విద్యార్థులు పచ్చికలో గుడారాలు వేశారు. పెట్టుబడులు తీసేయమన్నారు. అదే డిమాండు, అదే క్యాంపస్. తాతల తిరుగుబాటు ఫొటో గోడకెక్కింది గదా, మనవల తిరుగుబాటుకేం గతి పట్టిందో తెలుసా?

ఏప్రిల్ 17న అధ్యక్షురాలు మినూష్ షఫీక్ వాషింగ్టన్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు సంజాయిషీ ఇచ్చుకున్నారు. 18న న్యూయార్క్ పోలీసులు క్యాంపస్‌లో దిగారు. పచ్చికలో కూర్చున్నవాళ్లలో వంద మందికి పైగా అరెస్టు. ఆ గుడారాల వల్ల ప్రమాదం ముంచుకొచ్చిందని అధ్యక్షురాలు పోలీసులకు లేఖ రాశారు.

అదే ఏప్రిల్ 18న ఐక్యరాజ్యసమితి నిపుణులు ఒక ప్రకటన చేశారు. గాజాలో అప్పటికి 5,479 మంది విద్యార్థులు, 261 మంది ఉపాధ్యాయులు, 95 మంది విశ్వవిద్యాలయ ఆచార్యులు చనిపోయారని. పాఠశాలల్లో 80 శాతానికి పైగా దెబ్బతిన్నాయి లేదా కూలిపోయాయని. ఒక చదువుల లోకాన్నే పద్ధతి ప్రకారం తుడిచిపెడుతున్నారేమోనని. ఒకే తేదీ. అక్కడ విశ్వవిద్యాలయాలు పేలిపోతున్నాయి. ఇక్కడ విశ్వవిద్యాలయం దృష్టిలో ప్రమాదం గుడారం!

గాజా ఇస్లామిక్ విశ్వవిద్యాలయం మీద మొదటి వారంలోనే బాంబులు పడ్డాయి. దాని అధ్యక్షుడు, భౌతికశాస్త్రవేత్త సుఫియాన్ తయే 2023 డిసెంబర్ 2న వైమానిక దాడిలో కుటుంబంతో సహా పోయారు. ఆ వారంలోనే అక్కడ ఇంగ్లిష్ సాహిత్యం చెప్పే రెఫాత్ అలరీర్ పోయారు. 2024 జనవరిలో అల్-ఇస్రా విశ్వవిద్యాలయాన్ని మందుపాతరలతో పేల్చేశారు. ఆ దృశ్యం ప్రపంచమంతా చూసింది. ఒక విశ్వవిద్యాలయ అధ్యక్షుడు చనిపోతే సాటి అధ్యక్షులు ఎన్ని జెండాలు దించారు? ఎన్ని ఒప్పందాలు ఒక్క రోజులో తెంచారు? పాలస్తీనా మేధావి ఎడ్వర్డ్ సయీద్ 40 ఏళ్లు పాఠం చెప్పిన కొలంబియాలో ఆ ప్రశ్న అడిగినందుకే బేడీలు!

ఏప్రిల్ 30న విద్యార్థులు మళ్లీ హామిల్టన్ హాల్లోకి చొరబడ్డారు. కిటికీ అద్దాలు పగిలాయి. ఆ రాత్రే పోలీసులు నిచ్చెన బండితో పై అంతస్తు కిటికీలోంచి దిగారు. మళ్లీ వంద మందికి పైగా అరెస్టు. లోపల ఒక అధికారి తుపాకి పొరపాటున పేలింది. అదృష్టం, ఎవరికీ తగల్లేదు. విద్యార్థులకు రక్షణ కల్పించడమంటే ఇదన్నమాట! 1968 అరెస్టులకు సరిగ్గా 56 ఏళ్లు. ఆ రోజే, ఆ భవనమే. గ్రంథాలయం వారూ, కొత్త ప్రదర్శనకు అరలు ఖాళీ చేసి పెట్టండి. ఇంకో 50 ఏళ్లకు దీన్నీ గర్వంగా వేలాడదీస్తారు.

సరే, గాజా విద్యార్థుల్ని వదిలేశారు. యూదు విద్యార్థుల్నైనా కడుపులో పెట్టుకున్నారా? మే 31న క్యాంపస్‌లో యూదు విద్యార్థుల బతుకు మీద చర్చ పెట్టారు. వేదిక మీద వక్తలు తమ భయాలు చెప్పుకొంటున్నారు. కింద కూర్చున్న డీన్లు ఫోన్లలో ఒకరికొకరు వెటకారపు సందేశాలు పంపుకుంటున్నారు. వాంతి బొమ్మలతో సహా! సభలో ఎవరో ఫొటో తీశారు. గుట్టు రట్టయింది. జులైలో ముగ్గురు డీన్ల పదవులు ఊడాయి. ఫొటో తీయకపోయుంటే? ఇంకో సానుభూతి లేఖ మీద ఆ ముగ్గురూ చేవ్రాలు పెట్టేవాళ్లు.

అంటే ఇటు వీళ్లకూ లేదు, అటు వాళ్లకూ లేదు. భయం నిజం, దుఃఖం నిజం. మద్దతు ఒక్కటే ఉత్తుత్తిది.

పాఠం చెప్తారు, పాటిస్తే పట్టుకుంటారు

పశ్చిమ తీరం తీరే వేరు. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో జాతి నిర్మూలనను ప్రతిఘటించడం గురించి ఒక అనుబంధ కోర్సు ఉంది. 2024లో స్నాతకోత్సవ ప్రసంగానికి ఎంపికైన ఉత్తమ విద్యార్థిని ఆ కోర్సు చదివిన అమ్మాయే. దక్షిణాసియా మూలాలున్న ముస్లిం అమ్మాయి. పాలస్తీనా గురించి ఆన్‌లైన్‌లో పెట్టిన లంకె మీద గొడవ లేచింది. భద్రతా కారణాలంటూ ప్రసంగం రద్దు చేశారు. తర్వాత ప్రధాన స్నాతకోత్సవాన్నే రద్దు చేశారు. ప్రతిఘటన ఎలా చేయాలో మేం చెప్తాం, ఫీజు కట్టు, మార్కులు తీసుకో. నిజంగా మాట్లాడతావా? మైకు కట్!

లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏలో ఏప్రిల్ 30 రాత్రి ముసుగు మూక ఒకటి విద్యార్థుల గుడారాల మీద పడింది. కర్రలు, బాణసంచా, ఘాటు స్ప్రేలు. గంటలకొద్దీ కొట్టారు. భద్రతా సిబ్బంది చూస్తూ నిలబడ్డారు. ఆ రాత్రి కొట్టినవాళ్లలో ఒక్కరినీ అరెస్టు చేయలేదు. మర్నాటి రాత్రి పోలీసులు వచ్చారు. దెబ్బలు తిన్నవాళ్ల గుడారాలు పీకి 200 మందికి పైగా పట్టుకెళ్లారు. న్యాయం జరగలేదని ఎవరన్నారు? జరిగింది. కాకపోతే అడ్రసు తప్పింది.

ఆ వసంతంలో అమెరికా క్యాంపస్‌లలో మూడు వేల మందికి పైగా అరెస్టయ్యారు. తల్లిదండ్రుల దగ్గర ఏడాదికి వేల డాలర్లు గుంజి, ఆ పిల్లల్నే సంకెళ్లతో బస్సెక్కించిన ఘనత!

వేరే దారి లేదా? ఎందుకు లేదు? డబ్లిన్‌లో ట్రినిటీ కాలేజీ ఉంది. అక్కడా విద్యార్థులు దారి అడ్డగించారు. అక్కడి ప్రాచీన కెల్స్ గ్రంథం చూడటానికి పర్యాటకులు రావడం లేదని కాలేజీ మొదట విద్యార్థి సంఘానికి 2 లక్షల 14 వేల యూరోల బిల్లు పంపింది. యాజమాన్యాలు ఎక్కడైనా యాజమాన్యాలే! కానీ 2024 మేలో గుడారాలు వెలిశాక కూర్చుని మాట్లాడారు. ఆక్రమిత ప్రాంతాల్లో పనిచేసే ఇజ్రాయెల్ కంపెనీల్లోంచి పెట్టుబడులు తీసేస్తామన్నారు. అయిదు రోజుల్లో గుడారాలు లేచిపోయాయి. పోలీసు బండి రాలేదు. తుపాకి పేలలేదు. ఆకాశం ఊడిపడలేదు.

తలుపు తట్టారు

ఇంతలో 2025 వచ్చింది. వైట్‌హౌస్‌లోకి ట్రంప్ మళ్లీ వచ్చారు. మార్చి 7న కొలంబియాకు రావలసిన 40 కోట్ల డాలర్ల నిధులు ఆపేశారు.

అదే మార్చి 7న మహ్మూద్ ఖలీల్ కొలంబియా తాత్కాలిక అధ్యక్షురాలికి ఒక ఈ-మెయిల్ పెట్టాడు. విద్యార్థుల తరఫున యాజమాన్యంతో చర్చలు జరిపిన మనిషి. గ్రీన్‌కార్డు ఉంది. భార్య నిండు గర్భిణి. తన మీద విషప్రచారం సాగుతోందని, ఇంటి మీదికి అధికారులు వస్తారేమోనని భయంగా ఉందని, రక్షణ కల్పించమని వేడుకున్నాడు. ఏళ్ల తరబడి వాళ్లు మనకు ఈ-మెయిళ్లు పంపారు గదా, ఒకసారి అటువైపు కూడా ఒకటి వెళ్లింది. మర్నాడు రాత్రి అతణ్ని పట్టుకెళ్లారు. ఎక్కడి నుంచి? విశ్వవిద్యాలయానికి చెందిన ఇంట్లోంచి. లూసియానా నిర్బంధ కేంద్రంలో 104 రోజులు. మొదటి బిడ్డ పుట్టినప్పుడు తండ్రి కటకటాల వెనక.

ఆ వారంలోనే భారత్ నుంచి వెళ్లిన ఒక పరిశోధక విద్యార్థిని తలుపూ తట్టారు. వీసా రద్దు. ఆమె పెట్టే బేడా సర్దుకుని కెనడా వెళ్లిపోయింది. కొలంబియా ఏం చేసింది? అండగా నిలిచిందా? ఆమె నమోదు రద్దు చేసింది. అంతే! ఏళ్ల పరిశోధన హుష్‌కాకి.

మార్చి 21న కొలంబియా ప్రభుత్వ షరతులకు తలొగ్గింది. మాస్కుల మీద ఆంక్షలు. అరెస్టు చేసే అధికారంతో 36 మంది కొత్త అధికారులు. మధ్యప్రాచ్య, దక్షిణాసియా, ఆఫ్రికా అధ్యయనాల విభాగం మీద పైనుంచి కాపలా. మన దక్షిణాసియా కూడా అందులో ఉంది, గమనించారా? మనమూ అనుమానితులమే. జులై 22న, గ్రంథాలయంలో నిరసన తెలిపినందుకు 70 మందికి పైగా విద్యార్థుల మీద బహిష్కరణలు, సస్పెన్షన్లు. 23న ప్రభుత్వంతో రాజీ: 20 కోట్ల డాలర్లు, పైన ఇంకో 2.1 కోట్లు. ముందురోజు పిల్లల్ని అప్పజెప్పారు. తర్వాతి రోజు రసీదు తీసుకున్నారు. తప్పేమీ ఒప్పుకోలేదని కింద ఒక వాక్యం కూడా రాసుకున్నారు. ఎంత ముచ్చట!

1,400 కోట్ల డాలర్లు దాటిన మూలనిధి ఉన్న సంస్థ ఇంత తొందరగా మోకాళ్ల మీద కూలబడితే, చేతిలో విద్యారుణం తప్ప ఇంకేమీ లేని 23 ఏళ్ల పిల్ల ఎవరి మొహం చూసి నిలబడాలి?

బర్క్‌లీ సంగతి ఇంకా రసవత్తరం. 1964లో వాక్‌స్వాతంత్ర్య ఉద్యమం పుట్టిన నేల. ఆ ఉద్యమం పేరుతో క్యాంపస్‌లో కాఫీ హోటల్ కూడా ఉంది. 2025 సెప్టెంబర్‌లో అదే బర్క్‌లీ తన విద్యార్థులు, అధ్యాపకులు, సిబ్బందిలో 160 మంది పేర్లున్న కాగితాలు ప్రభుత్వం చేతిలో పెట్టింది. కనీసం దాచలేదు లెండి. మీ పేరు ఇచ్చామని వాళ్లకు కబురు పంపింది. వాక్‌స్వాతంత్ర్యం పేరుతో కాఫీ తాగండి, కానీ గొంతు తగ్గించి మాట్లాడండి. పేరు రాసుకుంటున్నారు.

అందరూ ఒక్కలాగే లేరు. టఫ్ట్స్ విద్యార్థిని రుమేసా ఓజ్‌తుర్క్‌ను 2025 మార్చి 25న ముసుగు అధికారులు నడివీధిలో పట్టుకుపోయారు. చేసిన నేరం? కాలేజీ పత్రికలో మరో ముగ్గురితో కలిసి ఒక వ్యాసం రాయడం. టఫ్ట్స్ కోర్టుకు వెళ్లి రాసిచ్చింది. ఆమె మా విద్యార్థిని, మంచి పరిశోధకురాలు, ఆ వ్యాసం మా నియమాలకు విరుద్ధం కాదు, ఆమెను వదిలేయండి అని. మే 9న ఆమె బయటికొచ్చింది. అదీ మద్దతంటే. పేరు పెట్టి, సంతకం పెట్టి, జడ్జి ముందు పెట్టిన కాగితం. హార్వర్డ్ కూడా ఏప్రిల్‌లో ప్రభుత్వం మీద కేసు వేసింది, సెప్టెంబర్‌లో గెలిచింది. సంతోషం. కానీ కేసు వేయడానికి ముందు నెలలోనే తన మధ్యప్రాచ్య అధ్యయన కేంద్రం సారథుల్ని ఎందుకు పదవుల్లోంచి తప్పించింది? ఒక చేత్తో కత్తి, ఒక చేత్తో తెల్లజెండా!

మనం నవ్వే ముందు

అమెరికావాళ్ల భాగోతం కదా అని పకపకా నవ్వుతున్నారా? ఆగండి. మనదీ ఒకటుంది.

2022లో ఉక్రెయిన్‌లో చిక్కుకున్న వేలాది భారతీయ వైద్య విద్యార్థుల్లో తెలుగు పిల్లలు వందల్లో ఉన్నారు. యుద్ధానికి ముందు, ఉండటం అత్యవసరం కాకపోతే వెళ్లే విషయం ఆలోచించండని రాయబార కార్యాలయం నసిగింది. బాంబులు పడ్డాక, మార్చి 2న, వెంటనే ఖార్కివ్ వదలండి, బండి దొరక్కపోతే నడవండి అంది. 11 నుంచి 16 కిలోమీటర్ల దూరంలోని ఊళ్లకు, గడ్డకట్టే చలిలో! అంతకు ముందురోజే కర్ణాటక విద్యార్థి ఒకరు ఖార్కివ్‌లో సరుకుల క్యూలో నిలబడి ప్రాణం వదిలారు. సరిగ్గా ఆ రోజుల్లోనే కేంద్రమంత్రి ప్రహ్లాద్ జోషీ గారు ఒక ముత్యం రాల్చారు. విదేశాల్లో వైద్యం చదివినవాళ్లలో 90 శాతం మంది ఇక్కడి అర్హత పరీక్ష గట్టెక్కలేరట. శవం ఇంటికి రాకముందే మార్కుల జాబితా!

ఆపరేషన్ గంగ విమానాలు పిల్లల్ని తెచ్చాయి. మెచ్చుకుందాం. విమానాశ్రయంలో గులాబీలు ఇచ్చారు. మంత్రులు ఫొటోలు దిగారు. హైదరాబాద్‌లో శాసనసభ సాక్షిగా, తిరిగొచ్చిన పిల్లల చదువు ఖర్చు మాదేనని అప్పటి ముఖ్యమంత్రి హామీ ఇచ్చారు. చప్పట్లు మోగాయి. మరి సీటేదీ?

సీటు లేదు. 2022 సెప్టెంబర్‌లో కేంద్రం సుప్రీంకోర్టుకు చెప్పింది: విదేశాల్లో చదువుతున్న విద్యార్థుల్ని ఇక్కడి కాలేజీల్లో సర్దుబాటు చేసే నిబంధన చట్టంలో లేదు, చేస్తే ప్రమాణాలు పడిపోతాయి. ప్రమాణాలు! లెక్చరర్ లేకుండానే తనిఖీ రోజున నిండిపోయే కాలేజీలు గుర్తొచ్చి మీకూ నవ్వొచ్చిందా? ఇక ఈ వింత వినండి. ఉక్రెయిన్ విశ్వవిద్యాలయాలు మార్చి నెల మధ్యకల్లా ఆన్‌లైన్ క్లాసులు మొదలుపెట్టాయి. సైరన్లు మోగుతుంటే పాఠాలు చెప్పారు. బాంబులు పడిన చోట క్లాసు జరిగింది. చెక్కుచెదరని చోట రూలు అడ్డొచ్చింది. ఏడాది తర్వాత కోర్టు చుట్టూ తిరగ్గా తిరగ్గా, చివరి ఏడు పిల్లలకు పరీక్ష రాసుకునే ఒక్క అవకాశం దక్కింది. గులాబీ మాత్రం ఆ రోజు సాయంత్రానికే వాడిపోయింది.

కాబట్టి అమెరికా విశ్వవిద్యాలయ అధ్యక్షురాలికీ మన మంత్రికీ తేడా ఏమిటి? ఆవిడ ఇంగ్లిష్‌లో ఓదారుస్తుంది. ఈయన పువ్వుతో ఓదారుస్తాడు. ఇద్దరి ఓదార్పుకూ ఖర్చు సున్నా.

అసలు విషయం అదే. ఇంత తతంగం వెనకున్న సూత్రం ఒక్కటే. ఖర్చు లేనంత వరకూ విశ్వవిద్యాలయం మీ పక్షం. జెండాగుడ్డకు ఖర్చు లేదు, అందుకే ఎగిరింది. లేఖకు ఖర్చు లేదు, అందుకే వచ్చింది. పెట్టుబడి కదల్చాలంటే ఖర్చు. దాతకు ఎదురు చెప్పాలంటే ఖర్చు. ప్రభుత్వాన్ని కోర్టుకీడ్చాలంటే ఖర్చు. అక్కడికొచ్చేసరికి కౌన్సెలింగ్ నంబరు చేతిలో పెట్టి చల్లగా జారుకుంటారు.

ఇది మన ఇంటి గొడవ కాదనుకుంటే పొరపాటు. 2023-24లో అమెరికాలో 3,31,602 మంది భారతీయ విద్యార్థులు చదివారు. అన్ని దేశాలకంటే మనమే ఎక్కువ. అందులో మన రెండు రాష్ట్రాల పిల్లలెందరో ప్రతి వీధికీ తెలుసు. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల నమోదు రికార్డులు రాత్రికి రాత్రి చెరిగిపోయాయి. చాలామంది ఏ గుడారంలోనూ కూర్చోలేదు. కొందరిది ఎప్పటిదో ట్రాఫిక్ కేసు. కోర్టులు వాయించాక ప్రభుత్వం మళ్లీ రికార్డులు తెరిచింది. జూన్‌లో కొత్త నిబంధన: వీసా కావాలంటే సామాజిక మాధ్యమ ఖాతాలు అందరికీ కనబడేలా తెరిచి పెట్టాలి. మీ అబ్బాయి రాత్రికి రాత్రి ఫేస్‌బుక్ పోస్టులెందుకు తీసేశాడో ఇప్పుడు అర్థమైందా? ప్రశ్నించడం నేర్పుతామని చెప్పి ఫీజు తీసుకునే చోటికి, నోటికి తాళం వేసుకుని వెళ్తున్నారు మన పిల్లలు.

అందుకే అమ్మా, అయ్యా, ఒక మనవి. ఈ ఏడు కూడా రంగురంగుల బ్రోచర్లు వస్తాయి. కన్సల్టెన్సీ ఆయన ర్యాంకులు వల్లిస్తాడు. జీతాల లెక్కలు చూపిస్తాడు. వినండి. విన్నాక మీరూ నాలుగు ప్రశ్నలు వేయండి. మా పిల్ల వీసాకు ముప్పొస్తే లాయర్‌ను మీరు పెడతారా? అధికారులు వారెంటు లేకుండా హాస్టలుకొస్తే గేటు దగ్గర అడ్డుకుంటారా? అడగ్గానే పేర్లు ఇచ్చేస్తారా? దేశంలో యుద్ధమొచ్చి ఇంటినుంచి డబ్బు ఆగిపోతే సీటు నిలబెడతారా? జవాబు నోటిమాటగా ఒప్పుకోకండి. కాగితం మీద అడగండి. రాసిచ్చే విశ్వవిద్యాలయం దొరికితే అప్పు చేసైనా పంపండి. రాసివ్వని చోటికి మీ పొలం తాకట్టు పెట్టకండి.